ఈవీనా, పెట్రోలా? హైదరాబాద్‌లో కారు కొనేముందు వేసుకోవాల్సిన లెక్క, వరుసగా

ఎలక్ట్రిక్ కారు గిట్టుబాటవుతుందా అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. ఒకే కారు మియాపూర్‌లో ఒకరికి, పెట్రోల్ కారుకంటే అదనంగా పెట్టిన డబ్బును రెండేళ్లలో తిరిగి ఇచ్చేస్తుంది, ఉప్పల్‌లో ఇంకొకరికి ఆరేళ్లయినా ఇవ్వదు. హైదరాబాద్‌లో ఈ సంగతిని తేల్చేవి ముఖ్యంగా రెండు. రాత్రి కారు నిలిపే చోట మీకంటూ ప్లగ్ ఉందా? లైఫ్ ట్యాక్స్ (రిజిస్ట్రేషన్ అప్పుడు ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) మినహాయింపు ఉండగానే కారు రిజిస్టర్ అవుతుందా? ఈ రెండూ తేలితే మిగతా లెక్క సులువు. అందుకే షోరూమ్‌కు వెళ్లేముందు మీ సెల్లార్‌లోకి వెళ్లండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- గత ఏడాది కరెంటు బిల్లులు. ఏప్రిల్, మే నెలలవి తప్పకుండా ఉండాలి, ఏసీ వాడకం వాటిలోనే తెలుస్తుంది.
- ఇప్పుడు కారో బైకో ఉంటే దాని ఓడోమీటర్ రీడింగ్, కొన్న తేదీ.
- మీరు అనుకుంటున్న పెట్రోల్ కారు, ఈవీ రెండింటికీ రాతపూర్వక ఆన్‌రోడ్ కొటేషన్లు. ఒకే స్థాయి వేరియంట్లు తీసుకోండి. ఈవీకి గేర్లు ఉండవు కాబట్టి పోల్చాల్సింది పెట్రోల్ ఆటోమేటిక్‌తో. మాన్యువల్‌తో పోలిస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

1. ప్లగ్ సంగతి తేల్చుకోండి

సొంత ఇల్లయితే పని తేలిక. మంచి ఎర్తింగ్ ఉన్న 15 లేదా 16 ఆంప్స్ సాకెట్ చాలు. దాని మీద గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కుతాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పెడితే 24 యూనిట్లు, అంటే సిటీలో దాదాపు 140 కిలోమీటర్లు. ఎల్‌బీ నగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లొచ్చేవారికి కూడా ఇది సరిపోతుంది. గోడకు బిగించే 7.2 కిలోవాట్ల చార్జర్, అంటే వాల్‌బాక్స్, చాలామందికి అవసరమే లేదు. అది పెట్టాలంటే కరెంటు సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్‌లో శాంక్షన్డ్ లోడ్ (మీ కనెక్షన్‌కు అనుమతించిన కిలోవాట్లు) పెంచుకోవాలి, దానికి డబ్బు కట్టాలి. ముందు మామూలు సాకెట్‌తో కొన్ని నెలలు నడిపి చూసి, చాలకపోతేనే వాల్‌బాక్స్ వైపు వెళ్లండి.

అపార్ట్‌మెంట్ అయితే మీ ఫ్లాట్ మీటర్ నుంచి మీ పార్కింగ్ స్లాట్ దాకా విడిగా కేబుల్ లాగించుకోవాలి. ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే ఈవీ చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అయినా గొడవ పెట్టుకుని సాధించేకంటే పద్ధతిగా అడగడం మేలు. క్రమం ఇలా ఉండాలి:

1. మంచి ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్లి మీటర్ రూమ్ నుంచి స్లాట్‌కు ఎన్ని మీటర్ల కేబుల్ పడుతుందో, ఏ దారిలో వెళ్తుందో కొలిపించండి.
2. ఆ వివరాలతో అసోసియేషన్‌కు లెటర్ ఇవ్వండి. కరెంటు మీ సొంత మీటర్ నుంచే వస్తుందని, కామన్ మీటర్ మీద భారం పడదని అందులో రాయండి. అభ్యంతరాల్లో సగానికి పైగా ఆ ఒక్క వాక్యంతోనే పోతాయి.
3. అనుమతి రాతలో తీసుకోండి. ప్రెసిడెంట్ నోటిమాట వచ్చే ఏడాది కొత్త కమిటీకి చెల్లదు.
4. జనరేటర్ బ్యాకప్ లైన్ మీద ఈవీ సాకెట్ పడకుండా చూడండి. కరెంటు పోయినప్పుడు కారు డీజిల్ జనరేటర్ మీద చార్జ్ అయితే మీ యూనిట్ ఖరీదు పెరుగుతుంది, పక్కవాళ్ల లిఫ్ట్ ఆగుతుంది.

వైరింగ్‌లో పొదుపు చేయకండి. 16 ఆంప్స్ సాకెట్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 32 ఆంప్స్ వాల్‌బాక్స్‌కు 6 వాడండి. దూరం ఎక్కువైతే ఇంకా మందం కావాలి. కరెంటు లీకైతే వెంటనే లైన్ కట్ చేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీబీఓ బ్రేకర్ తప్పనిసరి. గంటల తరబడి పూర్తి లోడ్ మీద నడిచే లైన్ ఇది. గీజర్‌కు వేసినట్టు వేస్తే సాకెట్ కరుగుతుంది.

వానల సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. సెల్లార్‌లోకి నీళ్లు వచ్చే బిల్డింగ్ అయితే సాకెట్‌ను నడుము ఎత్తుకు పైన పెట్టించండి. గట్టి వాన సూచన ఉన్న రాత్రి కారును పైకి తెచ్చి నిలపడానికి చోటుందా చూసుకోండి.

అద్దె ఇంట్లో ఉంటే ఇంటి ఓనర్‌తో మాట్లాడకుండా బుకింగ్ చేయొద్దు. ఆఫీసులో ఉచిత చార్జింగ్ ఉందన్న ధీమాతో కొనడం కూడా మంచిది కాదు. ఉద్యోగం మారినా, కంపెనీ పాలసీ మారినా ఆ లెక్క పోతుంది.

2. మీ కిలోమీటర్లు, మీ మైలేజ్ నిజంగా ఎంతో చూడండి

చాలామంది నెలకు 1500 తిరుగుతానని అనుకుంటారు, ఓడోమీటర్ చూస్తే 700 ఉంటుంది. మొత్తం రీడింగ్‌ను కారు కొన్న నెలలతో భాగించండి. వచ్చిందే మీ అంకె.

పెట్రోల్ మైలేజ్‌కు బ్రోషర్ చూడకండి. ట్యాంక్ ఫుల్ చేసి, మళ్లీ ఫుల్ చేసేదాకా నడిపి లెక్కకట్టండి. గచ్చిబౌలి, మాదాపూర్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నడిపే పెట్రోల్ ఆటోమేటిక్‌కు లీటరుకు 11 నుంచి 13 కిలోమీటర్లు వస్తే మామూలే.

3. ఆన్‌రోడ్ ధరలు పక్కపక్కన పెట్టండి

తెలంగాణలో ఈవీలకు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయిస్తూ ప్రభుత్వం 2024 నవంబర్‌లో జీవో ఇచ్చింది. దాని గడువు 2026 డిసెంబర్ 31. అదే 10 లక్షలు దాటిన పెట్రోల్ కారుకు 17 శాతం, ఆపైన లైఫ్ ట్యాక్స్ పడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క అర్థం కావడానికే, మీ కొటేషన్‌లోవి వేసుకోండి.

- పెట్రోల్ ఆటోమేటిక్: షోరూమ్ ధర 12 లక్షలు, లైఫ్ ట్యాక్స్ 2.04 లక్షలు, ఇన్సూరెన్స్ 50 వేలు. మొత్తం 14.54 లక్షలు.
- ఈవీ: షోరూమ్ ధర 15 లక్షలు, లైఫ్ ట్యాక్స్ సున్నా, ఇన్సూరెన్స్ 65 వేలు, ఇంట్లో వైరింగ్ 25 వేలు. మొత్తం 15.90 లక్షలు.

షోరూమ్ బోర్డు మీద 3 లక్షలుగా కనిపించిన తేడా చేతికొచ్చేసరికి 1.36 లక్షలే. ఇదే ఈవీకి 17 శాతం ట్యాక్స్ పడితే తేడా 3.91 లక్షలవుతుంది. ఈవీకి పన్ను వేసే రాష్ట్రంలో ఉన్న చుట్టాల అనుభవం హైదరాబాద్‌కు ఎందుకు వర్తించదో ఇక్కడే తెలుస్తుంది. చూడాల్సింది బుకింగ్ తేదీ కాదు, రిజిస్ట్రేషన్ తేదీ. వెయిటింగ్ ఎక్కువున్న మోడల్ అయితే డెలివరీ ఎప్పుడో రాయించుకోండి.

ఈవీకి జీఎస్టీ 5 శాతమే. అయితే అది షోరూమ్ ధరలో కలిసే ఉంటుంది, దాన్ని మళ్లీ లాభంగా లెక్కించొద్దు. పెట్రోల్ కార్లకు కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గింది. 4 మీటర్ల లోపు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్నవి ఇప్పుడు 18 శాతంలో ఉన్నాయి. అంతకు ముందు చూసిన వీడియోల్లోని ధరలను పక్కన పెట్టేయండి.

సేల్స్‌వాళ్లు ఇప్పటికీ అక్కడక్కడా చెప్పే రెండు మాటలు నమ్మకండి. లోన్ వడ్డీ మీద లక్షన్నర పన్ను మినహాయింపు ఇచ్చే ఆదాయపు పన్ను సెక్షన్ 80ఈఈబీ, 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే వర్తిస్తుంది. ఇక కేంద్రం ఈవీలకు సబ్సిడీ ఇచ్చే పీఎం ఈ-డ్రైవ్ పథకంలో సొంత కార్లకు సబ్సిడీ లేదు.

4. కరెంటు లెక్క: శ్లాబ్ దగ్గర జాగ్రత్త

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఇంటి బిల్లును యూనిట్లతో భాగించి "యూనిట్ 4 రూపాయలు, కిలోమీటర్‌కు 70 పైసలు" అనుకుంటారు. కారు యూనిట్లు మీ ఇంటి వాడకం మీద కలుస్తాయి. అంటే పై శ్లాబ్‌లో పడతాయి.

నెలకు 1000 కిలోమీటర్లు అనుకుందాం. 100 కిలోమీటర్లకు కారు 15 యూనిట్లు వాడుతుంది. చార్జింగ్‌లో పోయేది కలిపితే గోడ సాకెట్ నుంచి 17 యూనిట్లు, నెలకు 170.

మీ ఇంటి వాడకం 180 యూనిట్లు అనుకోండి. మొదటి 100 యూనిట్లకు 3.40, తర్వాత 80 యూనిట్లకు 4.80 చొప్పున 724 రూపాయలు. కారు వచ్చాక మొత్తం 350 యూనిట్లు. 200 దాటగానే పాత రేట్లు పోతాయి. మొదటి 200 యూనిట్లకే 5.10, తర్వాత 100కు 7.70, మిగిలిన 50కి 9 రూపాయలు. కలిపితే 2,240. అంటే కారు వల్ల అదనంగా 1,516 రూపాయలు, యూనిట్ దాదాపు 8.90 పడింది. ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు ఇందులో కలపలేదు.

అయినా కిలోమీటర్‌కు రూపాయిన్నరే. పెట్రోల్‌కు లీటరు 107 రూపాయలు, మైలేజ్ 12.5 వేసుకుంటే 1000 కిలోమీటర్లకు 80 లీటర్లు, 8,560 రూపాయలు. నెలకు 7 వేలు మిగులుతాయి.

200 యూనిట్ల లోపు గృహజ్యోతి జీరో బిల్లు వచ్చే ఇల్లయితే ఇంకో మెట్టు ఉంది. కారు వల్ల ఏ నెలలో 200 దాటితే ఆ నెల జీరో బిల్లు పోతుంది, దాన్ని కూడా ఈవీ ఖర్చులోనే రాయాలి.

శ్లాబ్ భారం తగ్గించుకోవడానికి మూడు దారులున్నాయి.

- ఈవీ చార్జింగ్‌కు ఎల్‌టీ-9 అనే విడి కేటగిరీ ఉంది. యూనిట్ రేటు సుమారు 6 రూపాయలు, దానిపైన ఫిక్స్‌డ్ చార్జీలు. ఒకే అపార్ట్‌మెంట్‌లో నాలుగైదు ఈవీలు ఉంటే అసోసియేషన్ తరఫున ఒక కనెక్షన్ తీసుకుని ఎవరి సబ్‌మీటర్ వాళ్లకు పెట్టుకోవడం అన్నిటికంటే మంచి పద్ధతి.
- పైనా కిందా రెండు మీటర్లున్న ఇంట్లో, తక్కువ బిల్లు వచ్చే మీటర్ నుంచి లైన్ తీయండి.
- డాబా మీద చోటుంటే సోలార్. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ వస్తుంది. కారు పగలు ఆఫీసులో ఉన్నా నెట్ మీటరింగ్ వల్ల (పగలు గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లు మీ బిల్లులో తగ్గుతాయి) లెక్క కలిసొస్తుంది.

బయట ఫాస్ట్ చార్జర్ల దగ్గర జీఎస్టీతో కలిపి యూనిట్ సాధారణంగా 18 నుంచి 25 రూపాయలు పడుతుంది. అక్కడ బిల్లు కారులోకి ఎక్కిన యూనిట్లకే కాబట్టి, 22 వేసుకుంటే 1000 కిలోమీటర్లకు 150 యూనిట్లు, 3,300. పెట్రోల్‌కంటే తక్కువే, కానీ వారానికి రెండుసార్లు చార్జర్ ఖాళీ కోసం ఎదురుచూడాలి. ఇంట్లో ప్లగ్ లేనివారికి నేను ఈవీ వద్దనే చెబుతాను. డబ్బు కంటే ముందు ఓపిక అయిపోతుంది.

5. తేడా ఎన్ని నెలల్లో తీరుతుందో చూడండి

ఆన్‌రోడ్ తేడాను నెల మిగులుతో భాగించాలి. అంతకు ముందు ఆ తేడా మీద వడ్డీ తీసేయాలి. 1.36 లక్షల మీద 9 శాతం అంటే మొదట్లో నెలకు సుమారు వెయ్యి. సర్వీసులో మిగిలేది, ఏటా ఇన్సూరెన్స్‌కు అదనంగా పోయేది దాదాపు సరిపోతాయి కాబట్టి వాటిని వదిలేద్దాం.

- నెలకు 1000 కిలోమీటర్లు, ఇంట్లో చార్జింగ్: మిగులు 6 వేలు. 23 నెలలు.
- అంతే తిరుగుడు, మొత్తం బయటే చార్జింగ్: మిగులు 4,200 చిల్లర. సుమారు 32 నెలలు.
- నెలకు 400 కిలోమీటర్లే, ఇంట్లో చార్జింగ్: మిగులు 1,800. ఆరేళ్లు దాటుతుంది.
- 1000 కిలోమీటర్లు, ఇంట్లో చార్జింగ్, కానీ లైఫ్ ట్యాక్స్ కట్టాల్సి వస్తే: దాదాపు ఎనిమిదేళ్లు.

నాలుగేళ్లలోపు తీరితే ధైర్యంగా ఈవీ వైపు వెళ్లండి. ఆరేళ్లు దాటితే పెట్రోల్ కారే కొనండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. మధ్యలో పడితే తర్వాతి విషయాలు తేలుస్తాయి.

6. లెక్కలో సరిగ్గా ఇమడనివి

రీసేల్: పాత ఈవీల ధరలు పెట్రోల్ కార్లకంటే వేగంగా పడుతున్నాయి. మూడేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవారికి పెట్రోల్‌లో మిగిలింది అమ్మకంలో పోవచ్చు. కనీసం ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవారికే ఈవీ నప్పుతుంది.

బ్యాటరీ వారంటీ: ఎక్కువ కార్లకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. "లైఫ్‌టైమ్" అని చెప్పేవి మొదటి యజమానికే. పేరు మారితే మామూలు వారంటీకి తగ్గుతుంది. ఎంత శాతం సామర్థ్యం తగ్గితే బ్యాటరీ మారుస్తారో వారంటీ పుస్తకంలో చదవండి.

ఇన్సూరెన్స్: థర్డ్ పార్టీ ప్రీమియంలో ఈవీలకు 15 శాతం తగ్గింపు ఉంది. కానీ కారు ఖరీదు ఎక్కువ కాబట్టి ఓన్ డ్యామేజ్ ప్రీమియం పెరుగుతుంది. నీళ్లు చేరి బ్యాటరీ పాడైతే డబ్బులు వస్తాయా అని సూటిగా అడిగి, ఆ యాడ్-ఆన్ పేరు పాలసీలో చూపించమనండి. మన వానలకు ఇది వదిలేసే ఖర్చు కాదు.

టైర్లు: ఈవీ బరువెక్కువ, మొదటి తొక్కుడుకే లాగుతుంది. టైర్లు త్వరగా అరుగుతాయి.

7. టెస్ట్ డ్రైవ్ మీ దారిలోనే చేయండి

షోరూమ్ చుట్టూ పది నిమిషాలు తిప్పితే ఏమీ తెలియదు. మీరు రోజూ వెళ్లే దారిలో, ట్రాఫిక్ టైమ్‌లో, ఏసీ వేసి నడపండి. ముందే ట్రిప్ మీటర్ జీరో చేసి, చివర్లో 100 కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లో ఫోటో తీసుకోండి. నాలుగో మెట్టులో వేసుకోవాల్సింది ఆ అంకెనే.

ఇంట్లో పెద్దవాళ్లను వెనక సీట్లో కూర్చోబెట్టండి. కింద బ్యాటరీ ఉండటంతో కొన్ని కార్లలో ఫ్లోర్ ఎత్తుగా ఉండి మోకాళ్లు పైకి లేస్తాయి. రీజెన్ బ్రేకింగ్ (యాక్సిలరేటర్ వదలగానే కారు వేగం తగ్గి బ్యాటరీకి కరెంటు తిరిగి రావడం) ఎక్కువ పెడితే కొందరికి కడుపులో తిప్పుతుంది, దాన్ని తగ్గించి కూడా చూడండి. మీ కాలనీ స్పీడ్ బ్రేకర్ మీద నలుగురితో ఎక్కించి చూడటం మర్చిపోవద్దు.

8. ఊరి ప్రయాణాన్ని ముందే కాగితం మీద నడపండి

కంపెనీ చెప్పే ఏఆర్‌ఏఐ రేంజ్‌లో (ఫుల్ చార్జ్‌తో పరీక్షలో వచ్చిన దూరం) 65 నుంచి 70 శాతమే నిజమని వేసుకోండి. ఓఆర్‌ఆర్ మీద 120తో వెళ్తే అంత కూడా రాదు. సిటీ ట్రాఫిక్‌లో కంటే హైవే వేగంలో ఈవీ ఎక్కువ తింటుంది, పెట్రోల్ కారుకు ఇది తిరగేసి ఉంటుంది.

విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. నిజమైన రేంజ్ 300 ఉన్న కారైనా సూర్యాపేట దగ్గర ఒకసారి ఆపి అరగంట పెట్టుకోవడం మంచిది. వరంగల్ ఒక్క చార్జ్‌లో చేరిపోతారు. శ్రీశైలానికి మాత్రం సిటీలోనే ఫుల్ చేసుకుని బయలుదేరండి, అడవి దారిలో చార్జర్ మీద ఆశ పెట్టుకోవద్దు.

సంక్రాంతికి ముందురోజు చార్జర్ల దగ్గర క్యూ ఉంటుంది. ఆ రోజుల్లో తెల్లవారుజామున బయలుదేరండి, బ్యాటరీ 35 శాతం ఉండగానే ఆగండి. 10 శాతానికి తెచ్చుకుంటే మొదటి చార్జర్ పనిచేయకపోతే రెండోదానికి చేరలేక టెన్షన్ పడాలి. రెండు మూడు చార్జింగ్ యాప్‌లు ముందే పెట్టుకుని వాలెట్‌లో డబ్బు వేసి ఉంచండి. దారిలో సిగ్నల్ లేని చోట ఓటీపీ రాదు.

నెలకు మూడు నాలుగుసార్లు మారుమూల ఊళ్లకు వెళ్లే ఇంటికి, ఉన్నది ఒకే కారైతే, పెట్రోల్ కారే నయం.

9. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

*కారు వచ్చాక వైరింగ్ మొదలుపెట్టడం.* అసోసియేషన్ అనుమతి, కేబుల్, ఎర్తింగ్ అన్నీ డెలివరీకి ముందే పూర్తి కావాలి.

*చార్జర్‌లో ఎర్ర లైటు వెలిగి చార్జ్ ఎక్కకపోవడం.* చాలాసార్లు తప్పు కారుది కాదు, ఎర్తింగ్‌ది. రాతి నేల మీద పాత ఎర్త్ పిట్ ఎండిపోతే ఇలా జరుగుతుంది. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజ్ చూపించండి. ఎక్కువుంటే కొత్త ఎర్తింగ్ వేయించండి. ఎర్త్ పిన్‌ను మోసగించే అడ్డదారులు చెప్పేవాళ్లుంటారు, ప్రాణం మీదికి వస్తుంది.

*ఎక్స్‌టెన్షన్ బాక్స్‌తో చార్జ్ చేయడం.* ఒక్కరోజుకు కూడా వద్దు.

*రోజూ 100 శాతం నింపడం.* ముందు మీ బ్యాటరీ ఎల్‌ఎఫ్‌పీ, ఎన్‌ఎంసీ రసాయనాల్లో ఏ రకమో తెలుసుకోండి. ఎల్‌ఎఫ్‌పీ అయితే అప్పుడప్పుడు 100 దాకా నింపాలి, లేకపోతే చూపించే శాతం తప్పుతుంది. ఎన్‌ఎంసీ అయితే రోజువారీ 80 దగ్గర ఆపి, దూరం వెళ్లేటప్పుడే నింపండి. మీ కారు మాన్యువల్‌లో వేరే మాట ఉంటే దాన్నే పాటించండి.

10. డబ్బు కట్టేముందు, డెలివరీ రోజు

బుకింగ్‌కు ముందు:

- [ ] అసోసియేషన్ లేదా ఇంటి ఓనర్ అనుమతి రాతలో ఉంది
- [ ] ఎర్తింగ్ పరీక్ష చేయించాను
- [ ] మే నెల బిల్లు మీద కారు యూనిట్లు కలిపి శ్లాబ్ లెక్క వేశాను
- [ ] తేడా తీరే నెలలు లెక్కగట్టాను
- [ ] లైఫ్ ట్యాక్స్ గడువులోపు రిజిస్ట్రేషన్ అవుతుందని డీలర్ రాసిచ్చాడు
- [ ] ఇంటికి 5 కిలోమీటర్లలో పనిచేసే ఫాస్ట్ చార్జర్లు రెండు స్వయంగా వెళ్లి చూశాను

డెలివరీ రోజు:

- [ ] బిల్లులో లైఫ్ ట్యాక్స్ పేరుతో ఏమీ వేయలేదు
- [ ] పోర్టబుల్ చార్జర్ డిక్కీలో ఉంది, షోరూమ్‌లోనే ప్లగ్ పెట్టి పనిచేయించి చూశాను
- [ ] ఏసీ (ఇంటి చార్జింగ్), డీసీ (ఫాస్ట్ చార్జింగ్) రెండు పోర్టుల మూతలు సరిగ్గా మూస్తున్నాయి
- [ ] పాలసీ కాగితంలో బ్యాటరీ యాడ్-ఆన్ పేరు కనబడింది
- [ ] మొదటి రాత్రి ఇంట్లో చార్జ్ పెట్టాక గంటకు ప్లగ్‌ను చేత్తో తాకి చూశాను. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపి సాకెట్ మార్పించాలి